అమర్ సింగ్ ఇంటికి టెలిగ్రాం

అట్టపెట్టెలో ఏ వస్తువు ఇంటికి వచ్చినా దాన్ని విప్పే పని పిల్లలకే వదిలేస్తాను. గోధుమరంగు టేపు చర్రున ఊడేటప్పుడు వచ్చే ఆ జిగురు వాసన నాకు పడదు. అది ముక్కుకి తగిలిందంటే చాలు, విజయవాడలో మా అపార్టుమెంటు హాలు కాస్తా రియాద్‌లో, మలాజ్‌లో మేమున్న రెండు గదుల వాటా అయిపోతుంది. నాన్న కుర్చీ ఎక్కి పడకగది కిటికీ అంచులకి వరస మీద వరస టేపు అతికిస్తూ ఉంటాడు, అమ్మ తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కి సరిపోయిందో లేదో చూస్తూ ఉంటుంది, నేను కింద నిలబడి టేపు చుట్ట అందిస్తూ, గాలి కూడా రాని గదిలో మనం ఎలా బతుకుతామని అడగాలనుకుని అడగకుండా ఉంటాను. నాకప్పుడు పదేళ్ళు. కువైట్‌ని పట్టుకున్నవాడు రేపోమాపో మా మీద విషవాయువు వదులుతాడని ఊరంతా అనుకుంటున్న రోజులవి. అమ్మ పనిచేసే ఆసుపత్రి వాళ్ళు నర్సులకి తలొక గ్యాస్ మాస్కు ఇచ్చారు, నాన్న కంపెనీ వాళ్ళు ఏమీ ఇవ్వలేదు. అంచేత ఇంట్లో ముగ్గురికి ఒకటే మాస్కు. అది ఎవరికి పెట్టాలో అమ్మా నాన్నా నా ముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ, పట్టీలు నా తలకి సరిపోయేలా బిగించి ఉండటం నేను చూశాను.

మాది బాపట్ల పక్క ఊరు. అమ్మ నర్సుగా ముందు వచ్చింది, తర్వాత నాన్న భవనాల మరమ్మతులు చేసే ఒక కంపెనీలో టైపిస్టుగా చేరాడు. నాన్న మంచివాడే, ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడినుంచి చెప్పేదంతా విన్నాక మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు, ఎవరికీ బాకీ పడేవాడు కాదు, పై అధికారి ముందు మాత్రం గొంతు పెగిలేది కాదు. సాయంత్రం పూట స్నానం చేసి వచ్చి చిన్న రేడియో చెవికి ఆనించుకుని ముల్లు అటూ ఇటూ తిప్పుతూ కూచునేవాడు. అమ్మ మీద ఎప్పుడూ డెట్టాల్ వాసన, నాన్న మీద టైపు రిబ్బను సిరా వాసన, ఈ రెండూ కలిస్తే మా ఇల్లు. ఎండాకాలం కుళాయిలో వచ్చే నీళ్ళు ఒంటి మీద పడితే బొబ్బలెక్కేటంత వేడిగా ఉండేవి, అందుకని పొద్దున్నే బకెట్లు పట్టి చల్లారబెట్టుకునేవాళ్ళం. చలికాలం వస్తే గదిలో మూలన ఎర్రగా కాలే హీటరు పెట్టుకుని దాని మీదే వేరుశనక్కాయలు వేయించుకునేవాళ్ళం. దుమ్ముగాలి లేచిన రోజు అన్నంలో కూడా ఇసక కరకరలాడేది. క్రిస్మసుకి కిటికీలన్నీ మూసి, తెరలు దించి, ఐదారు కుటుంబాలు ఒక ఇంట్లో చేరి గొంతులు తగ్గించి పాటలు పాడుకునేవాళ్ళం. ఆ దేశంలో అది బాహాటంగా చేసే పని కాదు. అమ్మ అరిసెలు, గులాబి పువ్వులు వండేది, నూనె వాసన పక్క వాటాలకి పోతుందని వంటింటి ఫ్యాను ఆపేసేది. చాటుగా తిన్న అరిసె రుచే వేరు, ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు.

మమ్మల్ని ఇండియన్ స్కూలుకి తీసుకెళ్ళే బండి నాన్న కంపెనీదే. దాన్ని నడిపేవాడు అమర్ సింగ్. ఎక్కడో జైసల్మేర్ ఎడారి ఊరివాడు, రాజపుత్రుడు, నలభై ఐదేళ్ళుంటాయి. బుగ్గల మీదికి పాకి మళ్ళీ పైకి తిరిగే మీసాలు. రోజూ పొద్దున బండి ఎక్కగానే అద్దంలో చూసుకుని ఆ మీసాలకి రెండు వేళ్ళతో ఒక్క మెలి తిప్పాకనే ఇంజను తిప్పేవాడు. కంపెనీలో ఇంకో అమర్ సింగ్ ఉండేవాడు, అతనూ రాజపుత్రుడే, అతనూ డ్రైవరే, కాకపోతే బీహార్ వాడు, పొట్టిగా ఉండి మీసం లేకుండా నున్నగా గీసుకునేవాడు. కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉండే మన కరీంనగర్ మేస్త్రీలు ఇద్దరికీ పేర్లు విడదీసేశారు, ఇతను మీసాల అమర్ సింగు, అతను పొట్టి అమర్ సింగు. శుక్రవారాలు బతా బజారులో హోటలు ముందు ఇద్దరూ కలిసి చాయ్ తాగుతూ, అసలైన అమర్ సింగ్ ఎవరి వైపువాడో తేల్చుకోవడానికి గంటలకొద్దీ వాదించుకునేవారట.

ఎందుకంటే ఆ పేరున్న రాజులూ వీరులూ ఒకరిద్దరు కారు, బోలెడంతమంది. మీసాల అమర్ సింగ్ వాళ్ళందర్నీ వరసపెట్టి చెప్పేవాడు, మలాజ్ నుంచి స్కూలుకి పట్టే అరగంటలో ఒక రాజు పూర్తయ్యేవాడు. మేవాడ్ అమర్ సింగ్ తండ్రి పోయాక కూడా మొగలాయిలతో పదిహేడు యుద్ధాలు చేసి, చివరికి మనుషులు చాలక సంధికి ఒప్పుకుని, ఆ సిగ్గు భరించలేక రాజ్యం కొడుక్కి అప్పజెప్పి గదిలోకి వెళ్ళి కూచున్నాడట. అదే మేవాడ్‌లో చాలా కాలానికి వచ్చిన రెండో అమర్ సింగ్ పాగా చుట్టే పద్ధతినే మార్చేశాడట, ఆ చుట్టుకి ఇప్పటికీ అతని పేరేనట. జైసల్మేర్ అమర్ సింగ్ ఎడారిలో చెరువు తవ్వించాడు, ఆ చెరువు గట్టు మీద తను చిన్నప్పుడు మేకలు కాశానని చెప్పేటప్పుడు మావాడికి ఛాతీ ఉబ్బేది. బండిలో పిల్లలం మాకు మాత్రం నాగౌర్ అమర్ సింగే కావాలి. పాదుషా నిండు దర్బారులో తనని ఒక్క మాట అన్న అధికారిని అక్కడికక్కడే బాకుతో పొడిచి, గుర్రమెక్కి, ఆగ్రా కోట గోడ మీదనుంచి కిందికి దూకేశాడు. మేం వెనక సీటు ఎక్కి, హోయ్ అని అరుస్తూ ముందు సీట్ల మధ్యకి దూకేవాళ్ళం. గుర్రం అయ్యేది ఎప్పుడూ నేనే, ఎందుకంటే గుర్రం అక్కడే చచ్చిపోతుంది, చచ్చిపోవడం నాకు బాగా వచ్చు. పొట్టి అమర్ సింగ్ ఒకటి రెండుసార్లు మీసాలాయన బదులు బండి తోలాడు, అప్పుడు తన వైపు కథ చెప్పాడు. వాళ్ళ భోజ్‌పూర్ అమర్ సింగ్ అన్నగారు పోయాక కూడా అడవుల్లో తెల్లవాళ్ళతో పోరాడి, పట్టుబడి, జైల్లో పోయాడట. చెప్పి, మీ మీసాలవాడికి ఇది చెప్పండి అని నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు ఉండేది అతనికి.

ఒకరోజు నేను మీసాల అమర్ సింగ్‌ని అడిగాను, ఇంతమందికి ఒకటే పేరు పెడితే ఇంట్లో పిలిచినప్పుడు ఎవరు పలుకుతారని. అతను బండి వేగం తగ్గించాడు. తమ ఇంట్లో అలా జరగదని చెప్పాడు. పేరు గద్దె లాంటిదట, దాని మీద ఒక్కడే కూచోవాలి. ఉన్నవాడు పోతేనే ఆ పేరు ఇంకొకరికి పెడతారు. తను పుట్టడానికి నెల ముందు తాత పోయాడు, అందుకే ఆ పేరు తనకి వచ్చింది. తను పోయాక ఎవరో మనవడికి వస్తుంది. బతికున్నవాడి పేరు పొరపాటున పసివాడికి పెడితే ఇద్దరిలో ఒకర్ని అది తీసుకుపోతుంది, వాళ్ళ ముత్తాత కాలంలో ఒక పిల్లాడు అలాగే పోయాడని నిజంగా నమ్మి చెప్పాడు. మా అమ్మ వింటే ఇలాంటివి నమ్మకూడదని ప్రార్థన చేయించేది, అందుకని ఇంట్లో చెప్పలేదు. కానీ నేను నమ్మాను.

ఆ డిసెంబరు చివర కంపెనీ వాళ్ళు డ్రైవర్లని చాలామందిని కువైట్ సరిహద్దు వైపున్న హఫర్ అల్ బాతిన్ పంపించారు. అక్కడ ఎడారంతా సైన్యాల గుడారాలట, నీళ్ళ ట్యాంకర్లు తోలాలట. ఇద్దరు అమర్ సింగ్‌లూ వెళ్ళారు. జనవరిలో స్కూళ్ళు మూసేశారు. ఎయిర్‌పోర్టులో మనవాళ్ళు మూటలతో బారులు తీరారని, ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఉన్నా కఫీలు, అంటే మనల్ని పనికి రప్పించుకున్న యజమాని, సంతకం లేకుండా ఎవర్నీ దేశం దాటనివ్వడం లేదని నాన్న చెప్పేవాడు. నాన్న కంపెనీ కఫీలు సంతకాలు పెట్టకుండానే కుటుంబంతో ఎటో వెళ్ళిపోయాడు. సైరను మోగినప్పుడల్లా మేం టేపు అంటించిన గదిలోకి చేరేవాళ్ళం, నాకు మాస్కు తగిలించి అమ్మా నాన్నా ముక్కులకి తడిగుడ్డలు కట్టుకునేవారు. మాస్కు లోపల రబ్బరు వాసన, అద్దాల మీద నా ఊపిరి తెల్లగా కమ్మేసేది, ఆ తెలుపు వెనక వాళ్ళిద్దరి మొహాలు సగం సగం కనపడేవి. వాళ్ళు పోతే ఈ మాస్కుతో నేనొక్కదాన్నీ ఏం చేసుకోవాలి అని నాకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు. హఫర్ దారిలో ట్యాంకరు బోల్తా పడి డ్రైవరు అమర్ సింగ్ పోయాడట. అక్కడే పాతిపెట్టేశారట, విమానాలు లేని రోజుల్లో శవాన్ని పంపే దారి లేదు. ఏ అమర్ సింగ్ అని నేను అడిగాను. నాన్న నా వంక చూసి, మనోడే అమ్మా అన్నాడు. ఇంటికి టెలిగ్రాం కూడా ఇచ్చేశానని, కాగితాలు కూడా మేనేజరు సంతకానికి వెళ్ళిపోయాయని చెప్పాడు. నేను ఎంత ఏడ్చానంటే మూడు రోజులు అమ్మ నన్ను ఆసుపత్రికి తనతోనే తీసుకెళ్ళింది.

మార్చిలో యుద్ధం అయిపోయింది, స్కూళ్ళు తెరిచారు. మొదటి రోజు పొద్దున బండి హారను మోగితే, కొత్త డ్రైవరు వచ్చి ఉంటాడని నాన్నే నన్ను కిందికి తీసుకొచ్చాడు. స్టీరింగు ముందు మీసాల అమర్ సింగ్ కూచుని అద్దంలో చూసుకుంటూ మీసం తిప్పుతున్నాడు. ముఖం నల్లబడింది, మండుతున్న చమురుబావుల మసి మీసాల్లోకి కూడా ఎక్కిందని, ఎన్ని స్నానాలు చేసినా పోవడం లేదని చెప్పి నవ్వాడు. పిల్లలం ఒక్కసారిగా మీద పడిపోయాం. పోయింది పొట్టివాడు, నా కళ్ళ ముందే బోల్తాపడ్డాడు అంటూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. నేను సంతోషంతో నాన్న వైపు తిరిగాను. నాన్న బండి తలుపు కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ తెలుపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

అమర్ సింగ్‌కి చదువు రాదు. నాకు స్కూల్లో హిందీ ఉంది కాబట్టి అతని ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఆ వారమే బండిలో కూచుని, క్షేమంగా ఉన్నాను, దీపావళికి వస్తాను, కోడలికి కాన్పు ఎప్పుడు అని అతను చెప్పిందంతా రాసి, ఎర్రగీతలూ నీలం గీతలూ అంచున్న కవరులో పెట్టి చిరునామా రాశాను. టెలిగ్రాం సంగతి నాన్న ఈపాటికి సరిచేసే ఉంటాడనుకున్నాను. నాన్న నేను వేస్తాలే అని తీసుకున్నాడు. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం నాన్న జేబులోంచి ఒక ఉత్తరం తీసి, ఆఫీసుకి హిందీలో వచ్చింది, నాకు అక్షరాలు రావు కదా, కాస్త చదువు అన్నాడు. వాడుక హిందీ గడగడా మాట్లాడే మనిషి, రాత మాత్రం రాదు. అది జైసల్మేర్ పల్లె నుంచి అమర్ సింగ్ అన్నగారు రాయించింది. మీ టెలిగ్రాం అందింది, పన్నెండో రోజు కొడుక్కి తండ్రి పాగా కట్టాలి, ఆ పాగా లేక వేరేది కట్టాం, పెట్టెలో ఆయన పాగా ఉంటే దయచేసి పంపండి అని ఉంది. కింద ఇంకో వాక్యం. ఇంట్లో మనవడు పుట్టాడు, అమర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాం.

నేను ఆ వాక్యం చదివి ఆగిపోయాను. మరి నేను రాసిన ఉత్తరం వాళ్ళకి అందలేదా అని అడిగాను. నాన్న లేచి బీరువాలో చొక్కాల కింద నుంచి ఆ కవరు తీసి చూపించాడు. అంటించినట్టే ఉంది.

అసలు జరిగింది ఇదీ. ఆఫీసులో మనుషుల ఫైళ్ళు పేర్ల వరసలో ఉంటాయి. ఆ దేశపు కాగితాల్లో ప్రతి మనిషి పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది, ఒకే పేరున్న ఇద్దర్ని విడదీసి చూసుకోవడానికి అదొక్కటే దారి. హఫర్ నుంచి కబురొచ్చిన పూట సైరను మోగింది, మేనేజరు తొందరపెట్టాడు, నాన్న పైనున్న అమర్ సింగ్ ఫైలు తీశాడు, తండ్రి పేరు చూడలేదు. టెలిగ్రాం, మరణం కాగితం, ఇఖామా రద్దు, అన్నీ ఆ ఫైలు మీదే అయిపోయాయి. పాస్‌పోర్టు కూడా రద్దుకి ఎంబసీకి వెళ్ళిపోయింది. మేనేజరుకి డ్రైవర్ల మొహాలు తెలియవు, ఇద్దరిలో ఒక అమర్ సింగ్ మిగిలాడనే అతని లెక్క. మేనేజరు సంతకం పెట్టిన మరణం కాగితం తప్పని ఇప్పుడు చెబితే జైల్లో వేస్తారని నాన్న భయం. కొన్నాళ్ళాగి మెల్లగా సరిచేద్దామని ఉత్తరం ఆపాడట.

"ఈ సంగతి మన గుమ్మం దాటకూడదమ్మా. నేను చూసుకుంటాగా, కొంచెం ఓపిక పట్టు," అన్నాడు నాన్న.

నాన్న నన్ను అంత బతిమాలి మాట్లాడటం అదే మొదలు. అందుకే భయమేసింది. ఆ తర్వాతి రెండు నెలలు నా చిన్నతనంలోకెల్లా పాడు రోజులు. పొద్దున్నే ఆ బండి ఎక్కాలి, అమర్ సింగ్ మొహం చూడాలి, ఉత్తరం వచ్చిందా బేటీ అని అతను అడిగితే, పోస్టు ఇంకా సరిగ్గా నడవడం లేదట అంకుల్ అని చెప్పాలి. ఎంత బాగా చెప్పేదాన్నంటే ఒకరోజు అతనే నన్ను ఓదార్చాడు, యుద్ధం తర్వాత అన్నీ ఆలస్యమే అని. కథలు చెబుతుంటే వినలేకపోయేదాన్ని. తనకి తెలియకుండానే ఊళ్ళో తన కర్మకాండ అయిపోయిన మనిషి, కొడుకు నెత్తి మీద పాగా మారిపోయిన మనిషి, మనవడికి ఏ బొమ్మ కొనాలో నన్ను అడిగేవాడు. బతాలో కొన్న తాళం తిప్పితే చప్పట్లు కొట్టే కోతిబొమ్మ ఒకటి డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. ఆ కోతి ఎండకి రోజురోజుకీ వెలిసిపోతూ ఉండేది. పసివాడికి ఏమైనా అయితే అది మా వల్లే అని నాకు కలలు వచ్చేవి. నాన్న కూడా చిక్కిపోయాడు. అన్నం ముందు కూచుని కంచంలో గీతలు గీసేవాడు, రేడియో పెట్టడం మానేశాడు. అమ్మకి ఆసుపత్రిలో దెబ్బలు తిన్న సైనికుల పని ఎక్కువై ఇంట్లో ఏం జరుగుతోందో పట్టలేదు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం స్కూలు బయట, మిగతా పిల్లలు ఇంకా రాకముందే, అమర్ సింగ్ బండి దిగి నాకెదురొచ్చాడు. చేతిలో కవరు. క్యాంపులో ప్యూను ఇచ్చాడట, అమర్ సింగ్ పేరు చూసి. చదువు చదువు అంటూ చిన్నపిల్లాడిలా తొందరపెట్టాడు. విప్పి చదవడం మొదలుపెట్టాను. మన పాప మున్నీ నడుస్తోంది, నాలుగు నెలలుగా మీ ఉత్తరం లేదు, మామిడిచెట్టు ఈసారి విరగ కాసింది, మీరు వచ్చేదాకా కొన్ని పచ్చడి పెట్టి ఉంచుతాను, అని ఉంది. మొదటి రెండు ముక్కలకే అతని మొహం మారింది. కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెనక చిరునామా చదవమన్నాడు. బీహార్, భోజ్‌పూర్ జిల్లా, ఒక ఊరు.

"ఇది పొట్టివాడి పెళ్ళాం రాసింది," అన్నాడు. "వాడు పోయి నాలుగు నెలలు. ఆమెకి ఎవరూ చెప్పలేదా?"

అబద్ధం ఇంకొకటి నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"వాళ్ళింటికి చెప్పలేదు అంకుల్. మీ ఇంటికి చెప్పారు," అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. టెలిగ్రాం సంగతి చెప్పాను, పాగా సంగతి చెప్పాను. మనవడు పుట్టాడని చెప్పాను. ఏం పేరు పెట్టారని అడిగాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అంతే, అతనికి తెలిసిపోయింది. బండి తలుపు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పిల్లలు వచ్చారు, ఎక్కారు, అరిచారు. అతను లేచి అందర్నీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళని దించాడు, ఒక్క మలుపు కూడా తప్పలేదు. ఆఖరికి మా వీధిలో బండి ఆపి, నా వెనకే మెట్లెక్కి, బయట చెప్పులు విప్పి, మొదటిసారి మా ఇంట్లోకి వచ్చాడు.

నాన్నని కొడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొడితే బాగుండుననే అనిపించింది. అతను గొంతు కూడా పెంచలేదు. నాన్న తలుపు దగ్గరే నిలబడి అంతా ఒప్పుకున్నాడు, చేతులు జోడించాడు. అమర్ సింగ్ తన చావు గురించి ఒక్క ముక్క అడగలేదు. పిల్లాడి సంగతే అడిగాడు, ఎన్ని నెలలు, జబ్బేమైనా చేసిందని రాశారా అని. ఆ పేరు రెండు తలల మీద ఉన్నంతకాలం అది ఎవరో ఒకర్ని తీసుకుపోతుంది, నన్ను తీసుకుపోతే ఫరవాలేదు, నేను ఈ వారమే ఇంటికి చేరాలి అన్నాడు. టెలిగ్రాం ఇద్దామని నాన్న అన్నాడు. ఒక టెలిగ్రాం చచ్చాడని చెప్పాక ఇంకో టెలిగ్రాం బతికాడంటే మా వాళ్ళు నమ్మరు, మనిషిని చూడాలి అన్నాడు అతను. కానీ వెళ్ళడం ఎలా? అతని ఇఖామా రద్దయింది, పాస్‌పోర్టు లేదు. కాగితాల ప్రకారం ఆ ఊళ్ళో అమర్ సింగ్ ఒక్కడే బతికి ఉన్నాడు, పొట్టి అమర్ సింగ్. అతని పాస్‌పోర్టు నాన్న ఆఫీసు సొరుగులో భద్రంగా ఉంది.

ఆ మాట నాన్నే అన్నాడు. ఫొటో పాతది, ముక్కూ కళ్ళూ దగ్గరగానే ఉంటాయి, వయసు నాలుగేళ్ళే తేడా, దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం నేను చేయిస్తాను. మీసం మాత్రం ఉండకూడదు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్న అమ్మ ఒక్క మాట అడిగింది.

"మరి ఆ రెండో ఆయన పెళ్ళాం మాటేంటండీ? ఆవిడికి మొగుడు ఇక్కణ్ణించి బయల్దేరినట్టు రాసి పెడతారా?"

"ముందు ఈయన్ని పంపనీ. ఆవిడికి తర్వాత చెబుదాం," అన్నాడు నాన్న.

తమ వైపు రాజపుత్రుడు మీసం తీసేది ఇంట్లో చావు జరిగినప్పుడేనని అమర్ సింగే మాకు ఎప్పుడో చెప్పాడు. శుక్రవారం బతాలో తీయించుకున్నాడు. వెళ్ళేముందు మా ఇంటి కింద నిలబడి నన్ను పిలిస్తే నేను గుర్తుపట్టలేదు, ఎవరో అంకుల్ అనుకుని నాన్నని పిలవబోయాను. పైపెదవి మీద మీసం ఉన్న మేర తెల్లగా, మిగతా మొహం నల్లగా, చూడటానికి జబ్బుపడి లేచినవాడిలా ఉన్నాడు. రెండు వేళ్ళూ అలవాటుగా పైకి లేచి, అక్కడ ఏమీ దొరక్క కిందికి దిగాయి. పొట్టివాడి ఇంటికి చెప్పమని మీ నాన్నకి గుర్తు చెయ్యి, నువ్వే రాయి, నీ రాత బాగుంటుంది అన్నాడు. సరే అన్నాను. అతను ఆ రోజు విమానం ఎక్కాడు. ఎవరూ ఆపలేదు.

తర్వాత అనేది రాలేదు. పొట్టివాడి భార్య నుంచి ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిదానికి కంపెనీ జవాబు నాన్నే టైపు చేశాడు, మీ భర్త ఫలానా తేదీన ఎగ్జిట్ మీద దేశం విడిచి వెళ్ళారు అని. కాగితం మీద అది నిజమే. రెండో ఉత్తరంలో ఆమె, వచ్చాడంటున్నారు, మరి ఇంటికి రాలేదు, బొంబాయిలో ఏమైనా అయిందా, ఎవర్ని అడగాలి అని రాసింది. నేను సగం చదివేసరికి నాన్న కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే చచ్చినవాడి పాస్‌పోర్టు మీద మనిషిని దాటించిన సంగతి కూడా బయటపడుతుంది. ఒక తప్పు దాచడానికి చేసిన పని అసలు తప్పుని మించిపోయింది.

డిసెంబరులో అమర్ సింగ్ ఉత్తరం వచ్చింది, ఎవరిచేతో రాయించాడు. గుమ్మంలో నిలబడితే బోసి పెదవి చూసి భార్య కూడా ఎవరు కావాలి అని అడిగిందట. గొంతు విన్నాక పడిపోయిందట. పిల్లాడు బాగున్నాడు. పెట్టిన పేరు తీయడం మంచిది కాదని పెద్దలంటే, తనే ఆ పేరు వదిలేశాడట, ఇప్పుడు ఇంట్లో ఎవరూ తనని అమర్ సింగ్ అనరు, ఊళ్ళో అందరూ బాబా అంటారట. చివర ఒక్క వాక్యం ఉంది. పొట్టివాడి ఇంటికి చెప్పారా?

జవాబు రాయమని నాన్న కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు. ఏం రాయాలి అని అడిగాను. నాన్న నా మొహం చూడకుండా చెప్పాడు. నేను రాశాను. చెప్పాం అంకుల్, వాళ్ళకి అన్నీ చెప్పాం. అతను మెచ్చుకున్న ఆ రాతతోనే, గుండ్రంగా, అక్షరాల మీది గీత తప్పకుండా రాశాను. ఆ ఉత్తరాన్ని మాత్రం నాన్న మర్నాడే పోస్టు చేశాడు.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. మలాజ్‌లో మేమున్న భవనం కొట్టేసి పెద్ద దుకాణం కట్టారని అక్కడే ఉండిపోయిన అమ్మ స్నేహితురాలు చెప్పింది. బతాలో కూలివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టే మనుషులు లేరు, ఎర్రగీతల కవర్లు లేవు, ఇప్పుడు అక్కడ మనిషి పోతే గంటలోపల ఫొటోతో సహా ఊళ్ళో తెలిసిపోతుంది, ఏ అమర్ సింగో ఎవరూ పొరబడరు. నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. నాన్నని నేను ప్రేమించాను, క్షమించాను కూడా అనుకుంటాను. నన్ను నేనే ఇంకా క్షమించుకోలేదు. పదేళ్ళ పిల్లకి ఏం తెలుసు అని నాకు నేను చెప్పుకుని చూశాను. తెలుసు. అన్నీ తెలుసు.

ఆమె ఉంటే అరవై దాటి ఉంటుంది. మొగుడు విమానం దిగి ఇంకెక్కడో సంసారం పెట్టుకున్నాడని తిట్టుకుంటూ బతికిందో, ఇవాళ కాకపోతే రేపు వస్తాడని పాపిట్లో సిందూరం తీయకుండా బతికిందో నాకు తెలీదు. ఊరు, పోస్టాఫీసు, జిల్లా నాకు నోటికి వచ్చు. పోయిన నెల ఒక కవరు కొని దాని మీద హిందీలో చిరునామా రాశాను. లోపల రాయాల్సింది ఒక్కటే వాక్యం, ఆ రోజు విమానం ఎక్కింది మీ ఆయన కాదమ్మా అని. కవరు నా బల్ల సొరుగులో ఉంది. ఆ వాక్యం ఇంకా రాయలేదు.